క్యూఈ2 ఆఖరి ప్రయాణం: దుబాయ్‌లో ఆగిపోయిన ఓడలో ఆ 16 రోజులను వెతుక్కోవడం ఎలా

దుబాయ్‌లో మినా రాషిద్ అనే రేవు ఉంది, అక్కడ క్వీన్ ఎలిజబెత్ 2 అనే ఓడ ఉంది, అందరూ దాన్ని క్యూఈ2 అనే అంటారు. 39 ఏళ్లు సముద్రాలన్నీ తిరిగి 2008లో ఇక్కడికొచ్చి ఆగిపోయింది, ఇప్పుడు హోటల్‌గా నడుస్తోంది. దుబాయ్‌లో ఉంటున్న మనవాళ్లలో చాలామంది దాన్ని దూరం నుంచి చూసే ఉంటారు, కొంతమంది లోపలికి వెళ్లి కాఫీ తాగి, నాలుగు ఫొటోలు దిగి, పాతకాలం హోటల్‌లా ఉందిలే అనుకుంటూ వచ్చేసి ఉంటారు. ఏమీ తెలియకుండా వెళ్తే ఎవరికైనా అంతే కనిపిస్తుంది.

నేను చెప్పేది ఒకటే. ఆ ఓడ సౌతాంప్టన్ నుంచి దుబాయ్‌కి చేసిన చివరి ప్రయాణం గురించి ముందు తెలుసుకుని, ఆ తర్వాత ఎక్కండి. అప్పుడు అక్కడి మెట్లు, రెయిలింగు, ఖాళీ డెక్కులు, అన్నీ వేరేగా కనిపిస్తాయి. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా అమెరికా వెళ్తూ మధ్యలో ఎనిమిది, పది గంటలు ఖాళీ దొరికేవాళ్లకి కూడా ఇది వీలయ్యే పనే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు కథ తెలియాలి

స్కాట్లాండ్‌లో క్లైడ్ నది ఒడ్డున క్లైడ్‌బ్యాంక్ అనే ఊళ్లో జాన్ బ్రౌన్ కంపెనీ యార్డులో ఈ ఓడని కట్టారు. 1967 సెప్టెంబరు 20న ఎలిజబెత్ రాణి స్వయంగా వచ్చి నీళ్లలోకి దింపారు. 1969 మే 2న సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి మొదటి ప్రయాణం. అప్పటికే జెట్ విమానాలు వచ్చి అట్లాంటిక్ ఓడల వ్యాపారాన్ని మింగేస్తున్నాయి, ఇంత ఖర్చు పెట్టి కొత్త లైనర్ (సముద్రానికి ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి ప్రయాణికుల్ని చేర్చే ఓడ) ఎందుకని చాలామంది అన్నారు కూడా. అయినా అది దాదాపు నలభై ఏళ్లు నడిచింది, 800కి పైగా సార్లు అట్లాంటిక్ దాటింది, ప్రపంచ యాత్రల్లో మన ముంబయికి కూడా వచ్చింది.

2007 జూన్‌లో దుబాయ్ ప్రభుత్వానికి చెందిన ఒక పెట్టుబడి సంస్థ దీన్ని 10 కోట్ల డాలర్లకి కొంటోందని ప్రకటన వచ్చింది. అక్కడి నుంచి ఏడాదిన్నర పాటు ఓడ ఎక్కడికి వెళ్లినా అది వీడ్కోలే. 2008 అక్టోబరు 5న తను పుట్టిన క్లైడ్ నదికి చివరిసారి వెళ్లింది. అక్టోబరు 16న న్యూయార్క్ నుంచి చివరిసారి బయలుదేరినప్పుడు పక్కన క్వీన్ మేరీ 2 కూడా ఉంది, అంటే పాత ఓడా, దాని పని అందుకున్న కొత్త ఓడా కలిసి అట్లాంటిక్ దాటాయి. ఆ దృశ్యం వీడియోలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, వెళ్లేముందు తప్పకుండా ఒకటి చూడండి.

ఇక నవంబరు 11. ఆ ఒక్క రోజులోనే ఎన్ని జరిగాయో చూడండి. మధ్యధరా సముద్రం నుంచి తిరిగొస్తూ తెల్లవారుజామున సౌతాంప్టన్ దగ్గరికి చేరుతుండగా, సొలెంట్ జలసంధిలో బ్రాంబుల్స్ అనే ఇసుక తిన్నె మీదికెక్కి ఓడ ఇరుక్కుపోయింది. కొన్ని వందల సార్లు వచ్చిన దారి అది. టగ్ బోట్లు వచ్చి లాగితే కాసేపటికి బయటపడి రేవు చేరింది. వెళ్లడం దానికి ఇష్టం లేదని అప్పుడు అక్కడున్న జనం అనుకున్నారు, ఆ మాట విన్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. అదే రోజు యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలచుకునే రోజు కావడంతో ఒక చిన్న పాత విమానం ఓడ మీద పది లక్షల ఎర్ర గసగసాల పూలు చల్లింది. ప్రిన్స్ ఫిలిప్ వచ్చి ఓడంతా తిరిగి చూసి వెళ్లారు. రాత్రి బాణసంచా వెలుగులో, కెప్టెన్ ఇయాన్ మెక్‌నాట్ నడుపుతుండగా, ఓడ సౌతాంప్టన్ వదిలింది. మళ్లీ తిరిగి రాలేదు.

విశాఖ రేవులో అండమాన్ వెళ్లే ఓడకి చేతులూపిన వాళ్లకి ఆ క్షణం ఎలా ఉంటుందో కొంత తెలుసు, తాళ్లు విప్పేస్తారు, ఓడకీ గట్టుకీ మధ్య నీళ్లు కనిపించడం మొదలవుతుంది, అంతే, ఇక ఎవరూ ఏమీ చేయలేరు. సౌతాంప్టన్‌లో ఆ రాత్రి ఒక ఊరంతా అలా నిలబడింది.

అక్కడి నుంచి లిస్బన్, జిబ్రాల్టర్, ఇటలీ, మాల్టా, అలెగ్జాండ్రియా, ఆ తర్వాత సూయజ్ కాలువ దాటి ఎర్ర సముద్రం. నవంబరు 26న దుబాయ్ చేరింది. ఎదురు రావడానికి అక్కడి పాలకుడి యాట్ ముందుండగా పడవల గుంపు వచ్చింది, తలమీదుగా ఎమిరేట్స్ ఎ380 విమానం ఎగిరింది. మర్నాడు పాత జెండా దించి కొత్త యజమానులకి అప్పగించారు, ప్రయాణికులు సామాన్లు తీసుకుని విమానాల్లో ఇళ్లకి వెళ్లారు. నవంబరు 26 మనకి వేరే కారణంగా గుర్తుంటుంది, అదే రాత్రి ముంబయిలో దాడులు మొదలయ్యాయి, కాబట్టి మనలో చాలామందికి ఈ ఓడ వార్త గుర్తు లేకపోతే ఆశ్చర్యం లేదు.

తర్వాతి పదేళ్లు బాధాకరమైనవే. పామ్ జుమేరా దగ్గర నిలబెట్టి గొప్ప హోటల్ చేస్తామన్నారు, ఇంతలో ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చింది, డబ్బు ఆగిపోయింది, ఓడ రేవులోనే ఎండలో ఉండిపోయింది. చైనాలో తుక్కుకి వెళ్తుందన్న వార్తలు కూడా వచ్చాయి. చివరికి 2018 ఏప్రిల్ 18న మినా రాషిద్‌లోనే హోటల్‌గా తెరిచారు.

ఎప్పుడు, ఎలా వెళ్లాలి

నవంబరు నుంచి మార్చి మధ్యలో వెళ్లండి. ఎండాకాలంలో డెక్ మీద పది నిమిషాలు కూడా నిలబడలేరు, డెక్ మీద నిలబడకపోతే ఈ ఓడ చూసినట్టే కాదు. ఎయిర్‌పోర్టు నుంచి మెట్రోలో అయితే రెడ్ లైన్ ఎక్కి యూనియన్‌లో గానీ బర్‌జుమాన్‌లో గానీ గ్రీన్ లైన్‌కి మారి, అల్ ఘుబైబా స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి టాక్సీ. డ్రైవర్‌కి క్యూఈ2 హోటల్ అని చెబితే చాలు. సామాన్లు ఎక్కువుంటే ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా టాక్సీయే మంచిది.

విమానం మారడానికి దిగినవాళ్లు బయటికి రావాలంటే వీసా సంగతి ముందే చూసుకోవాలి. భారత పాస్‌పోర్టు మీద చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా, గ్రీన్ కార్డు లాంటివి ఉంటే దుబాయ్‌లో దిగాక వీసా తీసుకునే సౌకర్యం ఉంది, కాకపోతే నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందే ఎయిర్‌లైన్ వాళ్ల సైట్‌లో చూడండి. విమానాల మధ్య ఎనిమిది గంటలకన్నా తక్కువ ఉంటే నా సలహా, వద్దు. టెన్షన్‌తో గడియారం చూసుకుంటూ తిరిగే చోటు కాదది.

గైడ్‌తో కలిసి తిరిగే టూర్ ఉంటుంది, సమయాలు హోటల్ సైట్‌లో చూసి ముందే బుక్ చేసుకోండి. టూర్ లేకుండా వెళ్తే తెరిచి ఉన్న చోట్లే చూడగలరు. వీలైతే ఒక రాత్రి ఉండండి, అసలు మేలు అందులోనే ఉంది, ఎందుకో కింద చెబుతాను.

బయటి నుంచి మొదలుపెట్టండి

అందరూ చేసే పని ఏమిటంటే టాక్సీ దిగగానే లోపలికి వెళ్లిపోవడం. అలా వెళ్లకండి. ముందు గట్టు మీద వీలైనంత దూరం జరిగి ఓడని పక్కనుంచి పూర్తిగా చూడండి. పొడవు 963 అడుగులు, వెడల్పు 105 అడుగులు. ఇంత పొడవుకి ఇంత సన్నగా ఎందుకుంది? అప్పట్లో పనామా కాలువలోని తలుపుల మధ్య వెడల్పు 110 అడుగులే కాబట్టి. దీనికి ముందు వచ్చిన క్వీన్ మేరీ, పాత క్వీన్ ఎలిజబెత్ ఆ కాలువ పట్టనంత పెద్దవి, శీతాకాలంలో అట్లాంటిక్‌లో జనం లేనప్పుడు వేరే సముద్రాలకి పోవడానికి అవి ఇబ్బంది పడ్డాయి. క్యూఈ2ని కట్టినవాళ్లు ఆ పాఠం నేర్చుకుని, పై అంతస్తులన్నీ తేలికగా ఉండే అల్యూమినియంతో కట్టి, సన్నగా చేసి, వేసవిలో అట్లాంటిక్, చలికాలంలో ప్రపంచ యాత్రలు అన్నట్టుగా తయారుచేశారు. అది ఇన్నేళ్లు బతకడానికి కారణం అదే.

ఆ తర్వాత ముక్కు వైపు నడవండి. ఇప్పటి క్రూజ్ షిప్పులు మీరు ఫొటోల్లో చూసే ఉంటారు, అపార్ట్‌మెంట్ బ్లాకుని నీళ్ల మీద పెట్టినట్టు నిటారుగా ఉంటాయి, వరసగా బాల్కనీలు. ఇది అలా ఉండదు. ముక్కు పొడవుగా, వాడిగా, ముందుకి వంగి ఉంటుంది, ప్రయాణికులు ఉండే గదులు దానికి చాలా వెనక మొదలవుతాయి. ఎందుకంటే లైనర్ అంటే వాతావరణం ఎలా ఉన్నా టైముకి అవతలి ఒడ్డు చేరాల్సిన ఓడ. తుపాను వస్తే పక్కకి తప్పుకుని ఇంకో దీవికి వెళ్లే వీలుండదు. 1995లో లూయిస్ తుపానులో దాదాపు 95 అడుగుల అల ఒకటి ఈ ముక్కు మీద విరిగిపడింది, అప్పుడు కెప్టెన్‌గా ఉన్న రొనాల్డ్ వార్విక్ డోవర్ తెల్లకొండల వైపు వెళ్తున్నట్టు అనిపించిందని చెప్పారు. ఆ ముక్కు కింద నిలబడి ఆ ఎత్తుని ఊహించుకోవడానికి కాస్త సమయం ఇవ్వండి.

పొగగొట్టం చూడకుండా కదలకండి. మొదట్లో అది సన్నగా, తెలుపు నలుపు రంగుల్లో ఉండేది, అప్పటికి ఓడ ఆవిరి టర్బైన్లతో నడిచేది. 1986, 87ల్లో జర్మనీలోని బ్రేమర్‌హాఫెన్‌లో ఆవిరి యంత్రాలన్నీ పీకేసి తొమ్మిది డీజిల్ ఇంజన్లు పెట్టారు, తొమ్మిదింటికీ పొగ పోవాలి కాబట్టి గొట్టం లావైంది. ఇప్పుడు మనం చూసేది ఆ లావు గొట్టమే. డీజిల్‌కి మారాక కూడా ఒక గ్యాలన్ నూనెతో ఈ ఓడ కదిలేది 50 అడుగులు మాత్రమే, అంతకుముందు అదీ లేదు. ఎందుకు ఇలాంటి ఓడలు కట్టడం ఆపేశారో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

లైఫ్‌బోట్లు కనిపించవు. హోటల్‌గా మార్చే పనిలో తీసేశారు. పాత ఫొటో ఒకటి ఫోన్‌లో పెట్టుకుని వెళ్తే, వరసగా పడవలు వేలాడిన ఆ చోట్లు ఎక్కడో గుర్తుపట్టొచ్చు. నాకు ఆ ఖాళీ నచ్చదు, ఓడ అంటే పడవలతోనే ఓడ, కానీ హోటల్ నడవాలంటే కొన్ని వదులుకోవాల్సి వస్తుందని కూడా అర్థమవుతుంది.

లోపలికి వెళ్లాక

పక్కనున్న టెర్మినల్ భవనంలో ఓడ చరిత్ర మీద ప్రదర్శన ఉంటుంది. అక్కడ కొంచెం ఆగి, తర్వాత ఓడలోకి వెళ్లండి. ప్రయాణికులు అడుగుపెట్టే చోటు టూ డెక్ అనే అంతస్తులో గుండ్రంగా ఉండే మిడ్‌షిప్స్ లాబీ. సౌతాంప్టన్‌లో చివరి రాత్రికి ఎక్కినవాళ్లు చాలామంది ఏళ్ల తరబడి ఇదే ఓడలో తిరిగినవాళ్లు, పెళ్లిరోజుల కోసం వచ్చినవాళ్లు, చిన్నప్పుడు తల్లిదండ్రులతో వచ్చి ఇప్పుడు తెల్లజుట్టుతో వచ్చినవాళ్లు. లాబీలో కుర్చీ ఉంటే కూర్చోండి. హోటల్ రిసెప్షన్ అనుకోకుండా, 16 రాత్రుల తర్వాత ఇదే గుమ్మంలోంచి బయటికి వెళ్లాల్సినవాళ్లు లోపలికి వస్తున్న చోటు అనుకుని చూడండి.

తర్వాత మీ గది ఉన్న కారిడార్‌లో ఒక చివర నిలబడి రెండో చివర వైపు చూడండి. నేల తిన్నగా ఉండదు, ఓడ రెండు చివర్ల వైపు మెల్లగా పైకి లేస్తుంది. అలలు ముక్కు మీదికి ఎక్కకుండా పాత ఓడలకి అలా వంపు పెట్టేవారు. ఈ ఒక్క వంపు చూస్తే చాలు, ఇది ఓడ ఆకారంలో కట్టిన భవనం కాదని కాళ్లకే తెలుస్తుంది. మెట్లదారులకి ఇంగ్లీషు అక్షరాల పేర్లుంటాయి, మీ గదికి దగ్గరున్న అక్షరం గుర్తుపెట్టుకోండి, లేకపోతే తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది.

క్వీన్స్ రూమ్ అని ఒక పెద్ద హాలుంది, పైకి పోయేకొద్దీ విచ్చుకునే తెల్లటి స్తంభాలతో. మైఖేల్ ఇంచ్‌బాల్డ్ అనే డిజైనర్ 1960ల్లో చేసింది. సాయంత్రాలు నృత్యాలు, మధ్యాహ్నం తెల్ల గ్లవ్స్ వేసుకున్నవాళ్లు వడ్డించే టీ, అన్నీ ఇక్కడే. చార్ట్ రూమ్, గ్రాండ్ లాంజ్, గోల్డెన్ లయన్ పబ్, ఇవన్నీ పాత పేర్లే. మీరు వెళ్లిన రోజు ఏది తెరిచి ఉంటే దాంట్లోకి వెళ్లి కూర్చోండి, అన్నీ చూసేయాలని పరిగెత్తకండి. ఒక హాలులో గంట కూర్చోవడం పది హాళ్లు దాటుకుంటూ పోవడం కన్నా మేలు.

ఇంకో విషయం, ఇది మనకి దగ్గరిది. 1982లో ఫాక్లాండ్స్ యుద్ధం వచ్చినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం ఈ ఓడని తీసేసుకుంది. కార్పెట్ల మీద గట్టి చెక్కపలకలు పరిచి, ముందూ వెనకా హెలికాప్టర్లు దిగడానికి వేదికలు కట్టి, మే 12న దాదాపు 3 వేలమంది సైనికుల్ని ఎక్కించుకుని దక్షిణానికి పంపారు. అదే యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళానికి ముందు నడిచిన విమానవాహక నౌక హెచ్‌ఎంఎస్ హెర్మీస్. ఆ హెర్మీస్‌నే తర్వాత మనం కొని 1987లో ఐఎన్ఎస్ విరాట్‌గా నౌకాదళంలోకి తీసుకున్నాం. 2017లో విరాట్ రిటైరయింది. దాన్ని విశాఖలో మ్యూజియం చేయాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రయత్నించింది కూడా, ఖర్చు దగ్గర కుదరలేదు, చివరికి 2020లో గుజరాత్‌లోని అలంగ్ తీరానికి తుక్కు కోసం వెళ్లిపోయింది. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని చూసినప్పుడల్లా, దాని పక్కన విరాట్ ఉండాల్సింది కదా అని నాకు బాధగానే ఉంటుంది. అందుకే దుబాయ్ వాళ్లు పదేళ్లు ఆలస్యంగా అయినా క్యూఈ2ని నిలబెట్టినందుకు, గదుల్లో ఏవో మార్పులు చేశారని నేను పెద్దగా తప్పుపట్టలేను.

రాత్రి ఉంటే, పదింటి తర్వాత తెరిచి ఉన్న డెక్ మీదికి వెళ్లండి. పగలు చూడడానికి వచ్చినవాళ్లంతా అప్పటికి వెళ్లిపోతారు. వెనక భాగంలో అంతస్తులు అంతస్తులుగా కిందికి దిగే డెక్కులున్నాయి, ఓడ సౌతాంప్టన్ వదులుతున్నప్పుడు జనం గుంపులుగా నిలబడింది ఇలాంటి చోట్లే. చెక్క నేల మీద నడుస్తూ కింద కదలిక కోసం చూస్తారు, ఎందుకంటే ఓడ అనగానే కాళ్లు దాన్ని ఆశిస్తాయి. ఇక్కడ ఉండదు. ఇంజన్లు పనిచేయవు, కరెంటు గట్టు నుంచి వస్తుంది. ఒకప్పుడు 28 నాట్లకి పైగా, అంటే గంటకి 50 కిలోమీటర్లు దాటిన వేగంతో రోజుల తరబడి ఆగకుండా పోయిన ఓడ ఇది. ఆ తేడా పగటిపూట తెలియదు, రాత్రే తెలుస్తుంది, ఒక రాత్రి ఉండమని చెప్పింది అందుకే.

పిల్లల్ని తీసుకెళ్తే వాళ్లకి ముందు మ్యాప్ చూపించండి. సౌతాంప్టన్ నుంచి దుబాయ్ దాకా వేలితో గీత గీయించి, మధ్యలో రేవుల పేర్లు చెప్పించండి. మా ఇంట్లో పిల్లలకి ఇసుక తిన్నె కథే అన్నింటికన్నా నచ్చింది. పెద్దవాళ్లతో వెళ్తే మోకాళ్ల సంగతి చూసుకోండి, లిఫ్టులున్నా నడక ఎక్కువే ఉంటుంది. తిండికి ఓడలోనే తినాలని లేదు, కాస్త దూరంలో బర్ దుబాయ్, మీనా బజార్, కరామా ఉన్నాయి, అక్కడ మన భోజనం దొరుకుతుంది. ఒక్క టీ మాత్రం ఓడలోనే తాగండి.

వేరే ఓడ ఏదైనా ఆఖరి ప్రయాణం ప్రకటిస్తే

క్యూఈ2 చివరి ప్రయాణం టికెట్లు నిమిషాల్లో అయిపోయాయి. అలాంటిది ఇంకోటి వస్తే మీకు దొరకడం కష్టమే, కానీ దారులున్నాయి. చివరి ప్రయాణం కాకుండా దానికి ముందుదో, అంతకు ముందుదో చూడండి. వీడ్కోలు మూడ్ అప్పటికే మొదలై ఉంటుంది, ధర అంత ఉండదు. ఒక్కోసారి పొడుగు ప్రయాణాన్ని ముక్కలుగా కూడా అమ్ముతారు, చివరి రేవుకి ముందు మూడు నాలుగు రోజులు ఎక్కినా చాలు. ఆఖరి ప్రయాణం తిరిగి రాదు కాబట్టి దిగిన ఊరి నుంచి విమానం టికెట్, ఆ దేశం వీసా మీరే చూసుకోవాలి, చాలామంది దీన్ని మర్చిపోయి చివర్లో హడావుడి పడతారు.

టికెట్ దొరక్కపోతే గట్టు మీదికి వెళ్లండి. ఓడలు ఎక్కడున్నాయో చూపించే ఆప్‌లు ఫోన్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఏ గంటకి ఏ మలుపు దగ్గరికి వస్తుందో అంచనా వేసుకోవచ్చు. 2025 ఫిబ్రవరిలో ఎస్ఎస్ యునైటెడ్ స్టేట్స్ ఫిలడెల్ఫియా నుంచి బయలుదేరినప్పుడు జనం అలాగే వచ్చి చూశారు. 1952లో అట్లాంటిక్ దాటడంలో రికార్డు కొట్టిన ఓడ అది, ఫ్లోరిడా తీరంలో చేపలకి ఆవాసంగా ముంచడానికి తీసుకెళ్తుంటే, సొంత ఇంజన్లు పనిచేయక టగ్ బోటు వెనక నెమ్మదిగా పోయింది. ఫిలడెల్ఫియాలో దాన్ని ఒక పెద్ద ఫర్నిచర్ స్టోర్ ఎదుట దాదాపు ముప్పై ఏళ్లు చూస్తూ తిరిగినవాళ్లలో మనవాళ్లు కూడా ఉంటారు.

ఓడ ఎక్కగలిగితే మూడు పనులు చేయండి. రోజూ గది తలుపు దగ్గర పెట్టే కార్యక్రమాల కాగితం పారేయకండి, అన్నీ దాచండి. ఫొటోలు తీసేటప్పుడు హాళ్లవీ సముద్రానివీ ఎవరైనా తీస్తారు, మీరు తలుపు గడియలు, మెట్ల పక్క బోర్డులు, కుర్చీ గుడ్డలు తీయండి, మొదట మారిపోయేవి, వేలంలో పోయేవి అవే. అన్నింటికన్నా ముఖ్యం, పనిచేసేవాళ్లతో మాట్లాడండి. ప్రయాణికులకి అది వీడ్కోలు, వాళ్లకి ఉద్యోగం, ఇల్లు రెండూ పోతున్న రోజు. మన దేశం నుంచి వెళ్లి ఓడల్లో పనిచేసేవాళ్లు ఎంతోమంది, హిందీలో ఒక మాట కలిపితే చాలు, ఏ గైడూ చెప్పని సంగతులు చెబుతారు. వాళ్లకి పని ఉన్న గంటల్లో మాత్రం వద్దు.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకి

మీకు దుబాయ్ దాకా రావాల్సిన పని లేదు, లాంగ్ బీచ్‌లో క్వీన్ మేరీ ఉంది. 1936లో మొదలైన ఓడ, 1001 సార్లు అట్లాంటిక్ దాటింది. 1967 అక్టోబరు 31న సౌతాంప్టన్ వదిలి, పనామా కాలువ పట్టదు కాబట్టి దక్షిణ అమెరికా చివర కేప్ హార్న్ చుట్టి, డిసెంబరు 9న లాంగ్ బీచ్ చేరింది. ఆ ఆఖరి ప్రయాణంలో డెక్ మీద రెండు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్ని కట్టి తీసుకెళ్లారు, కేప్ హార్న్ దగ్గర ప్రయాణికులు ఆ బస్సుల్లో ఎక్కి కూర్చుని, బస్సులో కేప్ హార్న్ చుట్టామని చెప్పుకున్నారు. అక్కడికి వెళ్తే పైన చెప్పిన పద్ధతే, ముందు బయట, తర్వాత లోపల, వీలైతే ఒక రాత్రి. క్యూఈ2 కన్నా ఇందులో చెక్కపని చాలా గొప్పగా ఉంటుంది, గోడల దగ్గర ఆగి ఆగి చూడండి.

నిజంగా కదిలే లైనర్ కావాలంటే

ఇప్పటికీ అట్లాంటిక్ మీద క్రమంగా నడుస్తున్న లైనర్ ఒక్కటే, క్వీన్ మేరీ 2. క్యూఈ2తో కలిసి చివరిసారి దాటింది కూడా అదే. సౌతాంప్టన్, న్యూయార్క్ మధ్య మామూలుగా 7 రాత్రులు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు ఒకవైపు విమానం, ఒకవైపు ఓడ పెట్టుకోవచ్చు, విమానంలో పది గంటలు కూర్చోలేని పెద్దవాళ్లకి ఇది నిజంగా సుఖం.

వీసాల విషయం జాగ్రత్త. భారత పాస్‌పోర్టు అయితే ఇటు నుంచి అటు వెళ్లేటప్పుడు సౌతాంప్టన్ చేరడానికి బ్రిటన్ విజిటర్ వీసా, దిగడానికి అమెరికా వీసా, రెండూ ఎక్కేముందే చేతిలో ఉండాలి. గ్రీన్ కార్డు ఉన్నా బ్రిటన్‌కి వీసా కావాల్సిందే. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు పాస్‌పోర్టులో స్టాంపింగ్ గడువు చూసుకోకుండా ఇంగ్లండ్ వైపు ఓడ ఎక్కకండి.

మొదటిసారి వెళ్లేవాళ్లు సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ వైపే వెళ్లండి. దారిలో ఐదు రాత్రులు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అంటే ఐదు రోజులు 25 గంటలు, జెట్‌లాగ్ అన్నదే ఉండదు. న్యూయార్క్ నుంచి సౌతాంప్టన్ వైపు వస్తే అదే గంటలు పోతాయి. గది ఎంచుకునేటప్పుడు ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో తీసుకుంటే ఊగడం తక్కువ. రాత్రి భోజనానికి మంచి బట్టలు వేసుకోవాలనే పద్ధతి ఉంది, కొన్ని రాత్రులు ఇంకా గట్టిగా ఉంటుంది, పట్టుచీర, షేర్వాణీ నిశ్చింతగా పనికొస్తాయి. శాకాహారులు బుకింగ్ అప్పుడే చెప్పి, ఎక్కాక మొదటి రాత్రే వడ్డించేవాళ్లకి మళ్లీ చెప్పండి. చివరి రాత్రి పెద్ద సూట్‌కేసులు తలుపు బయట పెట్టమంటారు, మందులు, పాస్‌పోర్టులు, మర్నాటి బట్టలు చేతి సంచిలో ఉంచుకోండి, ఎందుకంటే న్యూయార్క్ చేరేది తెల్లారకముందు, వెరజానో వంతెన కిందుగా పొగగొట్టం కొద్ది అడుగుల తేడాతో దాటుతుంది, ఆ టైముకి స్వెటర్ వేసుకుని పై డెక్ మీద ఉండాలి.